విప్పి చూపించేవాడే నమ్మకస్తుడు

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు పెద్దలు. కన్నతల్లే అడక్కుండా పెట్టదంటే, ఇక కారు షెడ్డులో మెకానిక్ మనం అడక్కుండానే అన్నీ విడమర్చి చెబుతాడా? చెప్పడు. మనమూ అడగం. బిల్లు చేతికి వచ్చాక మాత్రం ఇంటికొచ్చి గుండెలు బాదుకుంటాం.

నిజానికి అడగడం, చూడడం మనకు కొత్త విద్యలేమీ కావు. వంకాయ కొనేటప్పుడు పుచ్చుందేమోనని నాలుగువైపులా తిప్పి చూస్తాం. చీర కొంటే పైట చెంగు సరే, లోపలి పోగు ఎలా ఉందో తిరగేసి చూస్తాం. గొలుసు కొంటే హాల్‌మార్క్ ఉందా అని షాపువాడి భూతద్దం అడిగి మరీ చూస్తాం. అన్ని తెలివితేటలూ ఉన్న మనం, కారు బానెట్ ఎత్తేసరికి నోరు మూసేస్తాం. "అది మగవాళ్ళ వ్యవహారం" అని పక్కన కుర్చీలో కూర్చుంటాం. చెప్పొద్దూ, మగవాళ్ళలో చాలామందికి కూడా లోపల ఏముందో తెలియదు! తెలిసినట్టు తలాడిస్తారంతే.

కారు అంటే ఒకప్పుడు కలవారి ఇంటి ముచ్చట. ఇవాళ మనలాంటి మధ్యతరగతి ఇళ్ళలో కూడా పాతదో కొత్తదో ఒకటి ఉంటోంది. అత్తమామల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్నా, పిల్లల్ని పరీక్షకు దింపాలన్నా, పెళ్ళిళ్ళకు పేరంటాలకు వెళ్ళాలన్నా అదే ఆధారం. దాని రిపేరు ఖర్చు కూడా మన ఇంటి బడ్జెట్‌లోంచే పోతుంది కదా! అలాంటప్పుడు అది మన వ్యవహారం ఎందుకు కాదు? అందుకే ఈ వారం వంటల ముచ్చట్లు కాస్త పక్కనపెట్టి, మెకానిక్ సంగతీ, దాంతోపాటే పిల్లల్ని సైన్సు మ్యూజియంకి తీసుకెళ్ళిన సంగతీ చెబుతాను. ఈ రెండింటికీ పొంతన ఏమిటి అనుకుంటున్నారా? చదవండి, మీకే తెలుస్తుంది.

ముప్ఫై ఎనిమిది వేల రూపాయల మాట

మాది హిందూపురం. మా కారు పన్నెండేళ్ళ పాతది, మాకంటే ముందు ఒకరి చేతిలో తిరిగినదే. సెలవులకు మా ఆడపడుచు పిల్లలిద్దరూ వచ్చారు. మా ఇద్దరితో కలిపి నలుగురు. బెంగళూరులో విశ్వేశ్వరయ్య మ్యూజియం చూపిస్తానని మావారు పిల్లలకు మాటిచ్చారు. మా ఊరి నుంచి గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా వెళితే సుమారు నూరు కిలోమీటర్లు. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు.

సరిగ్గా అప్పుడే కారుకు జ్వరం వచ్చింది. రోడ్డు మీద బాగానే పోతుంది కానీ, బజార్లో నాలుగు నిమిషాలు ఆగితే చాలు, వేడి చూపించే ముల్లు పైకి ఎక్కిపోతోంది. మావారు ఊళ్ళో కాస్త పెద్దగా, అద్దాల గదితో ఉండే ఒక వర్క్‌షాపులో చూపించారు. వాళ్ళు పది నిమిషాలు చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, ఇంజిన్ విప్పాలి. ముప్ఫై ఎనిమిది వేలు అవుతుంది, ఇంకా ఏమన్నా బయటపడితే అది వేరే" అన్నారట.

ముప్ఫై ఎనిమిది వేలు! మా పెద్దమ్మాయి కాలేజీ ఫీజుకని చీటీ పాడి దాచిన డబ్బు అంతకంటే పెద్ద ఎక్కువేమీ లేదు. మర్నాడు నేనూ మావారితో వెళ్ళాను. "గ్యాస్కెట్ పోయిందని ఎలా తెలిసింది? కాస్త చూపిస్తారా?" అని అడిగాను. అక్కడి అబ్బాయి నా వైపు కాక మావారి వైపు చూసి, "అది మేడమ్‌కి చెప్పినా అర్థం కాదు సార్" అన్నాడు.

నాకు కోపం రాలేదు కానీ, ఒక్కటి మాత్రం అనిపించింది. అర్థం కాకపోతే అర్థమయ్యేలా చెప్పాలి. చూపించడానికేం పోయింది? "రెండు రోజులు ఆలోచించుకుని చెబుతాం" అని కారు తీసుకుని వచ్చేశాం.

కుక్కర్ తెలిస్తే కారు సగం తెలిసినట్టే

తర్వాత మా వీధిలో స్కూలు వ్యాను నడిపే అతన్ని అడిగాను. రోజూ బండి నడిపి పొట్ట పోసుకునేవాళ్ళకు నిజాయితీ గల మెకానిక్ ఎవరో తెలుస్తుంది. ఎందుకంటే వాళ్ళు మోసపోతే ఆరోజు సంపాదన పోతుంది. ఆయన చెప్పిన షెడ్డు చిన్నది, రేకుల కప్పు. నడపేది అరవై దాటిన పెద్దాయన. చేతులకు నల్లటి గ్రీజు, చెవి వెనక పెన్సిలు.

ఆయన ముందుగా ఏ పానా పట్టుకోలేదు. "ఎప్పుడు వేడెక్కుతాది తల్లీ? పోతున్నప్పుడా, నిలబడినప్పుడా?" అని అడిగారు. నిలబడినప్పుడేనని చెప్పాను. ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూపించారు. "గ్యాస్కెట్ పోయింటే చానాసార్లు నీళ్ళూ ఆయిలూ కలిసిపోయి ఈడ మజ్జిగ నురగ మాదిరి తెల్లగా ఉంటాది. చూడు, ఏమన్నా ఉందా?" లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్ళ మట్టం చూపించారు. తగ్గలేదు. సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లపొగ వస్తోందేమో చూడమన్నారు. రావడంలేదు.

ఇంజిన్ స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చారు. ముల్లు పైకి లేస్తోంది, రేడియేటర్ వెనకుండే ఫ్యాన్ మాత్రం కదలడంలేదు! ఇంజిన్ ఆపేసి, రెండు వైర్లతో ఆ ఫ్యాన్‌ను నేరుగా బ్యాటరీకి కలిపితే గిర్రున తిరిగింది. అంటే ఫ్యాన్ మోటారు బాగానే ఉంది, దానికి కరెంటు అందడంలేదన్నమాట. ఆ కరెంటు అందించే రిలే అని అగ్గిపెట్టె కంటే చిన్నది ఒకటి ఉంటుంది. అది కాలిపోయింది. కొత్తది వేస్తే ముల్లు సగంలోనే ఆగింది. రిలే ఖరీదు, కూలీ కలిపి ఆరువందల యాభై రూపాయలు.

ఇంటికి వచ్చాక పిల్లలకు ఇదంతా మన కుక్కర్ పెట్టి చెప్పాను. మీరూ వినండి. కుక్కర్ మూతకు రబ్బరు గ్యాస్కెట్ ఎందుకుంటుంది? ఆవిరి పక్కల నుంచి పోకుండా. ఇంజిన్‌లో కూడా అంతే. కింది దిమ్మకూ పైన హెడ్డుకూ మధ్య పల్చటి రేకులాంటి గ్యాస్కెట్ ఉండి, లోపల మండే వాయువు, నీళ్ళు, ఆయిల్ ఒకదాంట్లోకి ఒకటి పోకుండా కాపలా కాస్తుంది. అది పోతే నిజంగానే పెద్ద ఖర్చు. కానీ పోయిందనడానికి ఆనవాళ్ళు ఉండాలి కదా!

రేడియేటర్ మూత కూడా కుక్కర్ మూతకు చెల్లెలే. ఒత్తిడి పెరిగితే నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగవు. అందుకే కుక్కర్‌లో పప్పు త్వరగా ఉడుకుతుంది. కారులోనూ అదే ఒత్తిడి కూలెంట్‌ను మరగకుండా ఆపుతుంది. కాబట్టి విజిల్ పోకముందే కుక్కర్ మూత ఎలా తీయమో, వేడి మీదున్న కారు రేడియేటర్ మూత అలాగే తీయకూడదు. మొహం మీదికి చిమ్ముతుంది. ఇంజిన్ ఆపి, అది పూర్తిగా చల్లారాకే తీయాలి. ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

మరి రోడ్డు మీద బాగా పోయే కారు ఆగినప్పుడే ఎందుకు వేడెక్కింది? పోతున్నప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగితే గాలి రాదు, ఫ్యానే విసరాలి. వేడి పాలు గ్లాసులో పోసి ఊదుకుంటూ తాగినట్టే! ఊదడం మానేస్తే పాలు చల్లారవు.

చవకైనవాడే మంచివాడు కాదు

ఇక్కడితో ఆపితే, తక్కువ చెప్పినవాడే నిజాయితీపరుడని మీరనుకుంటారు. అది కాదు. ఆ పెద్దాయనే, "దూరం పోతున్నారు కదా, బ్రేకులు చూస్తా" అని ముందు చక్రం విప్పారు. బ్రేక్ ప్యాడ్ పక్కన కొత్త ప్యాడ్ పెట్టి చూపించారు. కొత్తదాని మీద రాపిడి పడే మందం సుమారు పది మిల్లీమీటర్లు ఉంటే, మాది రెండు కూడా లేదు. మూడుకు తగ్గితేనే మార్చుకోవడం మంచిదట. "ఇవి మార్చకుండా పిల్లోళ్ళను ఎక్కించుకొని పోవద్దు తల్లీ" అన్నారు. దానికి రెండువేల పైచిలుకు అయింది. పాత ప్యాడ్లు కాగితంలో చుట్టి మా చేతికే ఇచ్చారు.

చూశారా, ఆయన మా ఖర్చు తగ్గించారు, పెంచారు కూడా. రెండూ కళ్ళకు చూపించి చేశారు. నా మటుకు నాకు నిజాయితీ అంటే ఇదే. ఎక్కువ చెప్పాడా తక్కువ చెప్పాడా అన్నది తర్వాత. విప్పి చూపించాడా లేదా అన్నది ముందు.

అలాంటివాళ్ళ దగ్గర కూలీకి గీచిగీచి బేరమాడకండి. కూరల బండి దగ్గర కొసరు అడిగినట్టు అడక్కండి. లోపం ఎక్కడుందో కనిపెట్టడమే ఆయన విద్య. దానికి గంట పట్టింది. ఆ గంటకు విలువ కట్టకపోతే, రేపు ఆయనా రిలే మార్చడం మానేసి ఇంజిన్ విప్పుతానంటాడు. తప్పెవరిది?

షెడ్డుకు వెళ్ళేటప్పుడు గుర్తుంచుకోండి

మీకు పనికొస్తాయని కొన్ని విషయాలు రాసుకున్నాను. కత్తిరించి కారు కాగితాల్లో పెట్టుకోండి.

మెకానిక్‌తో జబ్బు పేరు చెప్పకండి, లక్షణాలు చెప్పండి. "క్లచ్ పోయినట్టుంది" అంటే క్లచ్చే మారుస్తాడు. "గేరు వేస్తుంటే చప్పుడొస్తోంది, పొద్దున పూట ఎక్కువ" అంటే వెతుకుతాడు. డాక్టరు దగ్గర మనం చేసే పని ఇదే కదా.

పని మొదలెట్టకముందే ఏమేం చేస్తారో, ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. మధ్యలో ఇంకేదైనా బయటపడితే ఫోను చేసి అడిగాకే చెయ్యమని ఆ కాగితం మీదే రాయించండి.

మార్చిన పాత సామాను వెనక్కి ఇమ్మని ముందుగానే చెప్పండి. పని అయ్యాక అడిగితే "పారేశాం" అంటారు. ముందు చెబితే ఎవరైనా జాగ్రత్తగా ఉంటారు. కొత్త స్పేర్ పార్టు పెట్టె మీద కంపెనీ పేరు, ధర ముద్రించి ఉంటాయి. ఆ పెట్టె కూడా అడిగి తీసుకోండి.

బిల్లులో సామాను ఖరీదు వేరుగా, కూలీ వేరుగా రాయించండి. "బిల్లు లేకపోతే కాస్త తగ్గిస్తాం" అనే మాటకు లొంగకండి. రేపు గొడవ వస్తే చేతిలో ఉండేది ఆ కాగితమే.

పాల లెక్క రాసుకున్నట్టే కారుకూ ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, కారు తిరిగిన కిలోమీటర్లు, ఏం మార్చారు, ఎంతయింది. ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కారుతో వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. పోయిన నెల మార్చిన ఫిల్టర్ మళ్ళీ మార్చాలన్నాడంటే నోటుబుక్కే జవాబు చెబుతుంది.

పెద్ద ఖర్చు చెబితే ఇంకొకచోట కూడా చూపించండి. ఆపరేషన్ అంటే రెండో డాక్టరును అడగమా ఏమిటి?

ఇంత చేసినా మోసం జరిగితే ఊరుకోనక్కర్లేదు. రిపేరు కూడా సేవే, వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి కొత్త చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. మనం చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు. రెండేళ్ళలోపు వెయ్యాలి. దానికీ బిల్లే ఆధారం, మరిచిపోకండి.

ఇక ఇంట్లోనే మనం చూసుకోగలిగినవి కొన్ని. కారు చదునుగా ఉన్నచోట ఆపి, ఇంజిన్ ఆపిన కాసేపటికి ఆయిల్ పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీస్తే ఆయిల్ మట్టం రెండు గీతల మధ్య కనిపించాలి. టైర్లలో గాలి, బండి ఎక్కువ తిరగకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి. టైరు గాళ్ళలో అక్కడక్కడా చిన్న గట్లుంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లే, ఇక మార్చాల్సిందే. బ్యాటరీ కొనల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే దానికి మందు మన వంటింట్లోనే ఉంది. వంటసోడా గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది తుడిస్తే పోతుంది. చేతికి గ్లవుజులు వేసుకోండి. తీగలు విప్పాల్సి వస్తే మాత్రం తెలిసినవాళ్ళ చేతే విప్పించండి.

ఇంజిన్‌ను కోసి చూపించే చోటు

ఇంతకీ మ్యూజియం సంగతి చెప్పలేదు కదూ! కొత్త బ్రేకులతో, తిరిగే ఫ్యాన్‌తో తెల్లవారుజామునే బయల్దేరాం. చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకున్నాం. హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో పావుగంట నిలబడ్డా ముల్లు సగం దాటలేదు. వెనక సీట్లో నలుగురూ "ఫ్యాన్ వచ్చింది! ఫ్యాన్ వచ్చింది!" అని ఒకటే కేకలు. చప్పుడు వినే చెబుతున్నారు!

బెంగళూరు కస్తూర్బా రోడ్డులో, కబ్బన్ పార్కును ఆనుకుని ఉంది ఈ విశ్వేశ్వరయ్య పారిశ్రామిక సాంకేతిక మ్యూజియం. భవనాన్ని 1962లో నెహ్రూ గారు ప్రారంభించారు. 1965 నుంచి జనం చూసేందుకు తెరిచారు. కేంద్ర ప్రభుత్వపు జాతీయ సైన్సు మ్యూజియముల మండలి కింద నడుస్తోంది.

విశ్వేశ్వరయ్య గారంటే మైసూరు దివాను, కృష్ణరాజసాగర్ కట్టించిన ఇంజనీరు అనే మనకు తెలుసు. ఆయనకూ మనకూ చుట్టరికం ఉంది. ఆయన ఇంటిపేరు మోక్షగుండం. వాళ్ళ పూర్వీకులు మన ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం నుంచి వెళ్ళినవాళ్ళే. 1908లో మూసీకి వరద వచ్చి హైదరాబాదు అతలాకుతలమైనప్పుడు, మళ్ళీ అలాంటిది రాకుండా ఏం చెయ్యాలో చెప్పమని నిజాం ప్రభుత్వం ఆయన్నే పిలిచింది. నది పైన జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన చెప్పారు. అలా వచ్చినవే 1920లో ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 15నే దేశమంతా ఇంజనీర్ల దినం జరుపుకుంటుంది. కారులో వెళుతూ పిల్లలకు ఇదంతా చెబితే, పెద్ద పాఠం విన్నామని వాళ్ళకు తెలియకుండానే తెలిసిపోయింది.

ఆ మ్యూజియంలో ఇంజిన్ల హాలు అని ఒకటి ఉంది. అందులో ఇంజిన్లను అడ్డంగా కోసి, లోపలి భాగాలు కనిపించేలా పెట్టారు. నేను అక్కడే నిలబడిపోయాను. మొన్న అద్దాల గదిలో "మేడమ్‌కి చెప్పినా అర్థం కాదు" అన్న వస్తువు ఇక్కడ కడుపు విప్పుకుని కూర్చుంది. వేలు పెట్టి చూపిస్తే ఏడేళ్ళ పిల్లాడికి కూడా అర్థమవుతోంది!

ఇంజిన్ చేసే పని నాలుగు ముక్కలు. పెట్రోలు కలిసిన గాలిని పీల్చడం, దాన్ని గట్టిగా నొక్కడం, నిప్పురవ్వ తగిలి మండడం, పొగను బయటికి నెట్టడం. మళ్ళీ పీల్చడం. మండినప్పుడు పిస్టన్ కిందికి దిగుతుంది. అయితే పైకీ కిందికీ ఆడే పిస్టన్ గుండ్రంగా తిరిగే చక్రాన్ని ఎలా తిప్పుతుంది? మా చిన్నోడు ఇదే అడిగాడు. మావారు చెప్పేలోపే మా పెద్దమ్మాయి అందుకుంది. "అమ్మమ్మ కుట్టుమిషన్ లేదూ? కాలితో తొక్కితే పెడలు పైకీ కిందికీ ఆడుతుంది. కడ్డీ పైకీ కిందికీ పోతుంది. చక్రం మాత్రం గుండ్రంగా తిరుగుతుంది. ఇదీ అంతే!" అంది.

మా అత్తగారు బయల్దేరేముందు, "ఆడపిల్లకు ఇంజిన్లెందుకే, ఏదైనా గుడికి తీసుకెళ్ళు" అన్నారు. ఇంటికొచ్చాక మనవరాలు కుట్టుమిషన్ మాట చెబితే, ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని మిషన్ దగ్గరికి వెళ్ళి రెండుసార్లు తొక్కి చూశారు. "నలభై ఏళ్ళు కుట్టాను, ఎప్పుడూ కిందికి చూడలేదే!" అన్నారు. ఇంకేం కావాలి?

పిల్లలతో వెళ్ళేటప్పుడు

మ్యూజియం అంటే చాలామంది పెళ్ళిలో భోజనంలా అన్నీ ఒకేసారి వడ్డించేయాలనుకుంటారు. ఇంజిన్లు, విద్యుత్తు, అంతరిక్షం, రైట్ సోదరుల విమానం నమూనా, బయట పెట్టిన ఆవిరి రైలింజిన్... అన్నీ ఒక్కపూటలో చూపిస్తే పిల్లలకు గుర్తుండేది కాళ్ళనొప్పులే. రెండు మూడు హాళ్ళు చాలు, తీరిగ్గా చూడనివ్వండి.

ఇది సాలార్‌జంగ్ మ్యూజియంలాంటిది కాదు. అక్కడ తాకకూడదు. ఇక్కడ చాలా వస్తువులు తాకి, తిప్పి, లాగి చూడ్డానికే పెట్టారు. "ముట్టుకోకు, ముట్టుకోకు" అని మన నోటికి అలవాటైపోయింది కదా, దాన్ని ఆ పూట ఇంట్లోనే వదిలి వెళ్ళండి. తాకవద్దని రాసినచోట మాత్రం తాకనివ్వకండి.

వెళ్ళేముందు ఒక్కొక్కరి చేత ఒక్కో ప్రశ్న కాగితం మీద రాయించండి. జవాబు దొరికితే దాని కింద బొమ్మ గీయమనండి. మా ఆడపడుచు కూతురు "కరెంటు తగిలితే షాక్ ఎందుకు కొడుతుంది?" అని రాసింది. జవాబు వెతుకుతూ ఆ పిల్ల ఒక హాల్లోనే గంటసేపు ఉంది. మనకు తెలియనిది అడిగితే కసురుకోకండి. "నాకూ తెలియదు, పద, ఇద్దరం చూద్దాం" అంటే మన పెద్దరికం ఏమీ తగ్గదు.

ఇంజిన్ల దగ్గరికి మగపిల్లల్నీ, రంగురంగుల బొమ్మల దగ్గరికి ఆడపిల్లల్నీ మనమే తోస్తుంటాం. గమనించారా? ఎవరికి ఏది నచ్చితే అక్కడ ఉండనివ్వండి.

అందరూ బెంగళూరు రాలేరు కదా. హైదరాబాదు వాళ్ళకు నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్సు మ్యూజియం ఉంది. దాని పక్కనే 1985లో మొదలైన ప్లానెటేరియం. అక్కడ కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం తప్పక చూపించండి. అది సినిమా బొమ్మ కాదు, అసలు ఎముకలు! మన గోదావరి పరీవాహకంలో, అప్పటి ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో దొరికాయి. తిరుపతి వెళ్ళేవాళ్ళకు అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. స్వామి దర్శనానికి వెళ్ళినప్పుడు ఒక పూట పిల్లల కోసం కూడా పెట్టుకోండి. ఎక్కడికైనా సరే, బయల్దేరే ముందు సెలవు రోజులు, వేళలు కనుక్కుని వెళ్ళండి.

పొంతన ఏమిటంటే...

ఇప్పుడు చెప్పండి, షెడ్డుకూ మ్యూజియంకూ పొంతన ఉందా లేదా? రెండుచోట్లా మనం అడగాల్సింది ఒకటే. "ఇది ఎలా పనిచేస్తుంది? చూపించండి." మంచి మ్యూజియం ఇంజిన్ కోసి చూపిస్తుంది. మంచి మెకానిక్ మూత విప్పి చూపిస్తాడు. చూపించడానికి ఇష్టపడనివాళ్ళ దగ్గర, అది షెడ్డయినా, ఆస్పత్రయినా, చీటీల కంపెనీ అయినా, మన పర్సు కాస్త గట్టిగా పట్టుకోవాలి.

మన పిల్లలు పెద్దయ్యాక ఎన్ని షెడ్డుల ముందు, ఎన్ని కౌంటర్ల ముందు నిలబడతారో! అప్పుడు పక్కన మనం ఉండం. "నీకు అర్థం కాదు" అని ఎవరైనా అంటే, "అర్థమయ్యేలా చెప్పండి" అనే ధైర్యం ఇప్పటినుంచే అలవాటు చెయ్యాలి. అది ఏ ట్యూషన్‌లోనూ చెప్పరు. మనం అడుగుతుంటే చూసి వాళ్ళు నేర్చుకోవాల్సిందే.

అన్నట్టు, ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం ఆయిల్ పుల్ల చూసే పని పెద్దమ్మాయిది, నోటుబుక్కులో రాసే పని చిన్నోడిది. కారు కడిగే పని మాత్రం ఎవరికీ వద్దట! అది మావారికే మిగిలింది.

మీ ఊళ్ళో కూడా విప్పి చూపించే మెకానిక్ ఒకరు ఉండే ఉంటారు. అలాంటివాళ్ళు బోర్డులు పెట్టుకోరు, పేపర్లో ప్రకటనలు వేయించుకోరు. మనం నలుగురికీ చెబితేనే వాళ్ళకు నాలుగు మెతుకులు, మనకు నాలుగు రూపాయలు మిగులుతాయి. పక్కింటావిడకు కొత్త పచ్చడి రుచి చూపించినప్పుడు ఈ కబురు కూడా చెప్పండి. ఏమంటారు?

వచ్చేవారం మళ్ళీ వంటింట్లోకే వెళదాం. ఎండలు ముదురుతున్నాయి, వడియాలు పెట్టాలి కదా!